పెన్సిల్‌తో దిద్దిన మచ్చ

మా వృత్తిలో రిటైర్మెంటుకి ఆర్డరు రాదు. శాలువా కప్పరు, గోడ గడియారం ఇవ్వరు. ఫోన్ మోగటం తగ్గిపోతుంది, అంతే. నా విషయంలో ఫోన్ కన్నా ముందు చెయ్యే చెప్పేసింది. కనుబొమ్మ దిద్దుతుంటే పెన్సిల్ వణకటం మొదలైంది. ఇంక చాలనుకుని పెట్టె సర్దేశాను. ముప్పై ఆరేళ్లు మొహాలకి రంగు పూసి బతికినవాణ్ణి. ఇప్పుడు యూసుఫ్‌గూడలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని, షూటింగులకి పోయే మీ బళ్లని లెక్కపెడుతుంటాను.

కొత్తగా యూనియన్ కార్డు తీసుకున్న పిల్లలు మీలో కొందరు అప్పుడప్పుడు వచ్చి, పెద్ద హీరోల కబుర్లు చెప్పమంటారు. వాళ్ల కబుర్లు మీ ఫోన్లలోనే బోలెడు దొరుకుతాయి, అందులో సగం అబద్ధాలు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను. అది నా దగ్గర తప్ప ఎక్కడా దొరకదు.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. సినిమాల్లో నాకు పని పల్చబడింది. ఒక డైలీ సీరియల్‌కి మేకప్ చీఫ్‌గా కుదిరాను. జూబ్లీహిల్స్‌లో ఎవరో ముచ్చటపడి కట్టుకుని, ఎందుకో ఉండకుండా షూటింగులకి కిరాయికి ఇచ్చేసిన బంగళాలో మా షూటింగు. ఆ ఇంట్లో నిజంగా కాపురం చేసినవాళ్లు ఎవరూ లేరుగానీ, మా సీరియల్ వాళ్లమే నాలుగు కాపురాలు కూల్చాం.

ఆ సీరియల్‌లో అత్తగారి వేషం వేసిన ఆవిడ గురించే నేను చెప్పేది. కోస్తా వైపు మనిషి, నాటకాల్లోంచి వచ్చింది. అప్పటికే అరవై దాటాయి. నాకన్నా పెద్దది కాబట్టి అక్కా అనేవాణ్ణి, ఆవిడ తమ్ముడూ అనేది. ఒంటరి మనిషి. చాలా ఏళ్లు గుంపులో నాలుగో ముత్తయిదువగా నిలబడ్డాక, ఆ వయసులో మొదటిసారి పేరున్న పాత్ర దొరికింది. కూరగాయల కొట్టు దగ్గర ఆడవాళ్లు గుర్తుపట్టి తిడుతున్నారని చెప్పుకుని మురిసిపోయేది.

ఆవిడ ముక్కుకి ఎడమ పక్కన నువ్వుగింజంత నల్ల చుక్క ఉండేది. మొదటి రోజు డైరెక్టరు మానిటర్‌లో చూసి పరిగెత్తుకొచ్చాడు. కుర్రాడు, ఉత్సాహం ఎక్కువ.

"అన్నా, ఆ మచ్చ భలే ఉందన్నా! కొంచెం పెద్దది చేయండి. అత్తగారు అనగానే జనానికి ఆ మచ్చే గుర్తురావాలి."

చేశాను. రోజూ మొహానికి బేస్ రంగు వేశాక పెన్సిల్ తీసుకుని నువ్వుగింజని మిరియపు గింజ చేసేవాణ్ణి. నెల తిరక్కుండా అత్తగారి మచ్చ ఊరందరికీ తెలిసిపోయింది. ఒక శుక్రవారం మచ్చ మీద క్లోజప్‌తో ఎపిసోడ్ ముగించారు, ఆ వారం రేటింగ్ పెరిగింది. ఇంకేముంది, మన ఇండస్ట్రీ సంగతి మీకు తెలియనిదా? సెంటిమెంట్ అయిపోయింది. ప్రొడక్షన్ మేనేజరు పొద్దున్నే వచ్చి, కొబ్బరికాయ కొట్టించావా అన్నట్టు, "మచ్చ పెట్టినవా?" అని అడిగి వెళ్లేవాడు. ఆవిడక్కూడా అది నమ్మకంగా పాతుకుపోయింది.

"రెండేళ్ల కిందట ఇది మొహాన పొడిచింది తమ్ముడూ, అప్పట్నించే నాకు దశ తిరిగింది" అనేది.

అరవై దగ్గర పడ్డాక ఒక మనిషి మొహాన కొత్త మచ్చ ఎందుకు పొడుస్తుందని నేను ఒక్కసారైనా ఆలోచించాలా వద్దా? ఆలోచించలేదు. నాకు అది చర్మం కాదు, నా పనితనం.

మూడో ఏడు వచ్చేసరికి పెన్సిల్ వాడకం తగ్గింది. రెండు సార్లు తిప్పేవాణ్ణి ఒకసారి తిప్పితే సరిపోతోంది. తర్వాత ఊరికే అలా తాకిస్తే చాలు. పని కలిసొచ్చిందని సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. పెన్సిల్ పని ఇంకేదో చేస్తోందని తెలియక, బేస్ బాగా పట్టిందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ వేసవిలో ఔట్‌డోర్ ఎక్కువ పడింది. శంషాబాద్ దాటాక ఒక ఫామ్‌హౌస్, అందులో గుడి సెట్టు. రిఫ్లెక్టర్ల ముందు నిలబడ్డవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎండ పైనుంచి ఒకసారి, ఆ వెండి అట్ట మీదనుంచి ఇంకోసారి మొహం మీద పడుతుంది. సాయంత్రం కొబ్బరినూనె దూదితో మేకప్ తుడుస్తుంటే మచ్చ దగ్గర ఎర్రగా అంటింది. నా గోరు గీరుకుందనుకుని పటిక అద్దాను. మర్నాడు అక్కడ చిన్న పొక్కు కట్టింది. దాని మీదే పాన్‌కేక్ రంగు వేశాను. సాయంత్రం తుడిస్తే పొక్కు ఊడింది, మళ్లీ రక్తం, మళ్లీ పటిక.

"ఎండాకాలం కదా తమ్ముడూ, వేడి చేసుంటుంది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగుతున్నాలే" అంది ఆవిడ.

ఇద్దరమూ కలిసి ఆ పుండుకి కారణాలు బాగానే వెతికాం. ఇలా దాదాపు మూడు నెలలు నడిచింది.

తర్వాత ఒక రోజు ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది. సీరియల్‌లో కోడలు ఇంట్లో అడుగుపెట్టిన రోజు మళ్లీ చూపించాలి. "అమ్మ సేమ్ అప్పట్లా ఉండాలన్నా" అన్నాడు డైరెక్టరు. నా దగ్గర ఆ ఏర్పాటు ఉంది. మద్రాసు నుంచి వచ్చిన మా గురువు నేర్పిన అలవాటు అది. కొత్త ఆర్టిస్టు కుర్చీలో కూర్చోగానే రంగు పడని మొహం ఫొటో ఒకటి, రంగు వేశాక ఒకటి తీసి కవర్లో పెట్టాలి. కంటిన్యుటీ తప్పకుండా ఉండటానికి. ఆ కవరు తీసి, ఆవిడ ఉత్త మొహం ఫొటో అద్దం అంచున దోపాను. ఆవిడ అప్పుడే మొహం కడుక్కొచ్చి కూర్చుంది. అద్దం చుట్టూ బల్బులు వేశాను.

ఫొటోలో నువ్వుగింజ. అద్దంలో దాదాపు శనగబద్దంత. ఒక పక్క గుండ్రంగా ఉంది, ఇంకో పక్క అంచు వంకరపోయింది. ఒకచోట నలుపు, ఒకచోట బూడిద రంగు. చుట్టూ అంచు కొంచెం ఉబ్బి మైనం రాసినట్టు మెరుస్తోంది. నడుమ చిన్న గుంట, అందులో పొక్కు. మూడేళ్లుగా రోజూ జానెడు దూరం నుంచి చూస్తున్న మొహం అది.

"అక్కా, గీ ఫొటో జర చూడుండ్రి."

"ఏంటి తమ్ముడూ, అప్పటికన్నా లావయ్యానా?"

"లావైంది మీరు గాదక్కా. గీ మచ్చ."

ఆవిడ ఫొటో చూసింది, అద్దం చూసింది, మళ్లీ ఫొటో చూసింది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది.

"ఎవరికీ చెప్పకు. దీన్ని తీసేయాలంటే నేను ఏమవుతానో తెలుసా? వారం రోజులు కనపడకపోతే చాలు, 'ఇకనుంచి ఈ పాత్రలో' అని ఇంకెవరి ఫొటోనో వేసేస్తారు. నలభై ఏళ్లు ఎదురుచూశాను తమ్ముడూ ఈ వేషం కోసం."

ఆవిడ అబద్ధం చెప్పటం లేదు. అంతకుముందు మామగారిని మా సీరియల్‌లో అలాగే మార్చారు. గురువారం ఒకాయన, శుక్రవారం ఇంకొకాయన. ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఆదివారం షూటింగ్ లేదు. బతిమాలి, బెదిరించి, షేక్‌పేట వైపు ఒక చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చిన్నమ్మాయే. లైటున్న భూతద్దం లాంటిది ముక్కు మీద ఆనించి చూసి, ఎన్నాళ్లుగా మానటం లేదని అడిగింది. "ఒక నెల ఉంటుందేమోనమ్మా" అంది అక్క. ఆర్టిస్టు కదా, వయసులాగే ఇదీ తగ్గించింది.

"మూడు నెలలైతుంది మేడం" అన్నాను.

"పైన ఏం రాస్తున్నారు?"

"పటిక. దాని మీద పాన్‌కేక్. దాని మీద పెన్సిల్."

"ఎవరు రాస్తున్నది?"

బడిలో పిల్లాడిలా చెయ్యి ఎత్తాను. ఆ అమ్మాయి నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. దాంతో ఇంకా సిగ్గేసింది.

మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం పోయాక రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది.

"ఇది చర్మ క్యాన్సరేనండీ. భయపడిపోవాల్సిన రకం కాదు, అలాగని వాయిదా వేయాల్సిన రకమూ కాదు. సాధారణంగా ఒంట్లో వేరేచోటికి పాకదు. ఉన్నచోటే పక్కనున్న కండని తింటూ పోతుంది. ఇక్కడేమో ముక్కు, పైన కన్ను. చిన్నగా ఉన్నప్పుడే మొత్తం తీసేస్తే దాదాపు నయమైపోయినట్టే."

"మన రంగువాళ్లకి ఇవి రావంటారు కదమ్మా?" అంది అక్క.

"తక్కువ వస్తాయి. రావు అనుకుంటారు కాబట్టే నా దగ్గరికి ముదిరాక వస్తారు."

ఎండ వల్లే వచ్చిందా అని నేను అడిగాను. ఎండ ఒక ముఖ్య కారణం, వయసు కూడా ఉంటుంది, ఈ ఒక్క మచ్చకి ఇదే కారణమని గీత గీసి చెప్పలేమంది. కానీ ఏళ్ల తరబడి పడ్డ ఎండ చర్మం మర్చిపోదని చెప్పింది.

ఇప్పుడు అసలు కథ. ఆపరేషన్‌కి, పుండు మానటానికి కలిపి నాలుగు వారాలు కావాలి. మా మేనేజరుకి చెప్పాం. చెడ్డవాడు కాదు, కానీ ఎపిసోడ్లు తప్ప ఇంకేమీ కనపడని జబ్బు అతనిది.

"నడిమిట్ల పెండ్లి ట్రాక్ నడుస్తుందమ్మా. గిప్పుడు మచ్చ తీసేస్తే ఎట్ల? సెంటిమెంట్ గూడ ఉన్నది. మూడు నెలలు ఆగుండ్రి, పెండ్లి అయిపోయినంక నిమ్మళంగ చేయించుకుందురు. నెమ్మదిగ పెరిగేదే అన్నరు గద డాక్టరు."

ఆవిడ తలూపింది. "సరే బాబూ, పెళ్లి అయ్యాకే చూసుకుంటాను" అంది. ఏదో కాఫీ తర్వాత తాగుతానన్నట్టు చెప్పింది. నాకు ఆ సాయంత్రమంతా కోపం తగ్గలేదు. మేనేజరు మీద కొంత, ఆవిడ మీద కొంత, నా మీద మిగతాదంతా.

మర్నాడు పొద్దున్న ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. స్పాంజి తడిపాను, మొహం దాకా తీసుకెళ్లాను. చెయ్యి ముందుకి పోలేదు. స్పాంజి గిన్నెలో పడేశాను.

"నేను వెయ్యనక్కా."

బయట అసిస్టెంటు డైరెక్టరు షాట్ రెడీ అని అరుస్తున్నాడు. పది నిమిషాలకి మేనేజరు వచ్చాడు. ముప్పై ఏళ్ల పైబడిన సర్వీసులో నా వల్ల షాట్ ఆగటం అదే మొదలు. అతను ఒకసారి గడియారం, ఒకసారి నన్ను చూసి, ఇంకో మేకప్ మనిషిని పిలిపిస్తానన్నాడు.

"పిలువుండ్రి. గా మచ్చ కింద ఏమున్నదో ముందు వానికి చెప్పుండ్రి. చెప్పినంక గూడ రంగేసేటోడు దొరికితే, వాని కాళ్లు మొక్కి పోత."

గొంతు పెద్దదై ఉంటుంది. లైట్‌బాయిలు, కోడలు వేషం అమ్మాయి, టీ తెచ్చిన ప్రొడక్షన్ వాళ్లు అందరూ గుమ్మం దగ్గర చేరారు. డైరెక్టరు వాళ్లని తోసుకుంటూ లోపలికొచ్చాడు. అతనికి చిన్న ఆపరేషన్ అని మాత్రమే తెలుసు. నేను పాత ఫొటో అతని చేతిలో పెట్టి, ఆవిడ మొహం మీదికి లైటు తిప్పాను. అతను చూస్తూ చూస్తూ పాలిపోయాడు.

"పెద్దది చేయమంది నేనే కదన్నా" అన్నాడు.

"చేసింది నేను."

అతను ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, ఎన్ని రోజులు కావాలి మీకు?"

ఆవిడ అప్పటిదాకా బిగపట్టుకున్నదంతా ఒక్క మాటలో బయటపడింది. "నా వేషం ఉంటుందా బాబూ?"

"అత్తగారు కాశీ వెళ్తుందమ్మా. కోడలితో ఫోన్‌లో మాట్లాడుతుంది. మీరు ఇంట్లో పడుకుని డైలాగులు ఫోన్‌లో రికార్డు చేసి పంపండి. మీ గొంతుకే సగం ఊరు వణుకుతోంది."

"మరి మచ్చ?" అన్నాడు మేనేజరు. పాపం, అతని భక్తి అతనిది.

"మచ్చకేమైంది? వచ్చినంక నేను పెడత. మొదలు దాన్ని పెద్దగ జేసింది గీ పెన్సిలే గద."

అక్క నవ్వబోయి ఏడ్చేసింది. కోడలు వేషం అమ్మాయి వచ్చి పట్టుకుంది. సీరియల్ మొత్తంలో ఆ అత్తాకోడళ్లు కావలించుకోవటం అదొక్కసారే, దానికి కెమెరా లేదు.

చిన్నకొడుకు పెళ్లి ముహూర్తాలు పెట్టుకుని కాశీ పోయిన అత్తగారిని చూసి జనం నవ్వుకునే ఉంటారు. నవ్వుకోనీయండి. ఇక్కడ డాక్టర్లు మచ్చని చుట్టూ కొంత మంచి చర్మంతో సహా తీసేశారు. పక్క చెంప నుంచి కొంచెం చర్మం జరిపి కుట్టారు. తీసిన ముక్క అంచుల్లో జబ్బు మిగల్లేదని రిపోర్టు వచ్చిన రోజు ఆవిడ నాకు ఫోన్ చేసి, అత్తగారి గొంతుతో, "ఏమిటోయ్, ఇంకా అన్నం తినలేదా?" అని గదమాయించింది. నిజంగానే తినలేదు. ఆ ఫోన్ వచ్చాక రెండు సార్లు పెట్టించుకుని తిన్నాను.

ఐదో వారం వచ్చి కుర్చీలో కూర్చుంది. ముక్కు పక్కన సన్నటి గీత, అంతే. డాక్టరు సరేనన్నాకే పెన్సిల్ తీశాను.

"నువ్వుగింజ చాలు తమ్ముడూ. మిరియం వద్దు" అంది.

మచ్చ చిన్నదైనందుకు రేటింగ్ పడిపోతుందని మేనేజరు రెండు వారాలు నిద్రపోలేదు. ఏమీ పడలేదు. అసలు ఎవరూ గమనించనే లేదు. ఊళ్లోవాళ్లు మచ్చని చూడటం ఎప్పుడో మానేసి ఆవిడని చూస్తున్నారని అప్పుడు అర్థమైంది.

ఇక మీకు చెప్పాల్సింది. మీరు చదువుకున్నవాళ్లు, అయినా నేను చూసినట్టే చూడకుండా పోతారని భయం. మచ్చలన్నీ చెడ్డవి కావు, చాలావరకు ఏమీ చేయవు. పెరుగుతున్నదాన్ని, రంగు మారుతున్నదాన్ని, రెండు సగాలూ పోలిక లేనిదాన్ని, అంచు చెదిరినదాన్ని అనుమానించండి. నెల దాటినా మానని పుండు, ముట్టుకుంటే రక్తం వచ్చే పొక్కు, పెద్ద వయసులో కొత్తగా పొడిచిన మచ్చ కనపడితే దాని మీద రంగు వేయకండి. డాక్టరు దగ్గరికి పంపండి. మనలాంటి రంగువాళ్లకి అరికాళ్లలో, గోళ్ల కింద కూడా నల్ల చారలుగా, మచ్చలుగా వచ్చే రకం ఒకటుందట. అది ఇంకా మొండిదని, అక్కడ కూడా చూసుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఉత్త మొహం ఫొటోలు మీ ఫోన్లలో ఎలాగూ తీస్తారు. మూడు నెలలకోసారి పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకొకటి. పాన్‌కేక్ వేశాం కదా, ఎండ తగలదులే అని మనవాళ్లు అంటారు. నేనూ అన్నాను. అది తప్పు. బేస్ వేసే పావుగంట ముందు సన్‌స్క్రీన్ రాయండి, ఔట్‌డోర్ అయితే రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. చెవులు, మెడ వెనక మర్చిపోకండి. మిట్టమధ్యాహ్నం సీన్లు నీడలోకి జరపమని అడగండి. నేను అడిగితే మొదట నవ్వారు. మా డైరెక్టరు మాత్రం ఎండ సీన్లన్నీ పదిన్నర లోపు ముగించటం మొదలుపెట్టాడు.

అక్క అయితే సెట్లో ఇన్‌స్పెక్టరు అయిపోయింది. లైట్‌బాయిల చేత చెప్పులు విప్పించి అరికాళ్లు చూసేది. మేనేజరు బట్టతలని కూడా వదల్లేదు. ఒక వేసవిలో నేను వంగి ఆవిడకి టచప్ చేస్తుంటే, ఉన్నట్టుండి నా చెవి పట్టుకుని లాగింది.

"ఇదేంటి? నీ చెవి వెనక ఈ నల్లదేంటి?"

నాకు తెలియదు. అందరి మొహాలూ చూసినవాణ్ణేగానీ, నా చెవి వెనక ఏముందో ఎప్పుడూ ఎవరూ చూడలేదు. వద్దంటే వినకుండా అదే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఈసారి భయపడింది నేను, దబాయిస్తూ కూర్చుంది ఆవిడ. డాక్టరు భూతద్దంతో చూసి నవ్వింది. వయసుతో వచ్చే పులిపిరి లాంటిదట, ఏమీ చేయదట.

బయటికొచ్చేసరికి ఒంటిగంట. తారు రోడ్డు కాలిపోతోంది. ఆటో కోసం చూస్తున్నాను. షూటింగుల్లో గొడుగు ఆర్టిస్టుకే పడతారు, మేకప్ మనిషి పక్కన ఎండలో నడుస్తాడు. అందులో తప్పేమీ లేదు, అది పద్ధతి. ముప్పై ఏళ్లకి పైగా అలాగే నడిచాను. అలవాటుగా ఆవిడకి రెండడుగులు ఎడంగా నిలబడ్డాను.

ఆవిడ సంచిలోంచి గొడుగు తీసి విప్పింది. నా నెత్తి మీదికి జరిపి ఒకసారి ఎగాదిగా చూసింది.

"ఆ చెవి బయటే ఉంది. ఇటు జరుగు" అంది.